తోలు ఫ్యాక్టరీలో కెమికల్ ఇంజనీరు

ఫస్ట్ ఇయర్‌లో ఎవరైనా ఏ బ్రాంచ్ అని అడిగితే కెమికల్ అని చెప్పి, వాళ్ళు అడక్కుండానే ఒక సంజాయిషీ కూడా ఇచ్చేవాణ్ణి. ర్యాంకు ఇంకో రెండు వేలు ముందుంటే కథ వేరేగా ఉండేదని. అదీ పూర్తి నిజం కాదు. నేను చదవాలనుకున్నది ఫిజిక్స్. ఇంటర్ అయ్యాక ఆ మాట ఇంట్లో అంటే నాన్న కోప్పడలేదు. ఫిజిక్స్ చదివినవాళ్ళకి మన జిల్లా మొత్తంలో ఎన్ని ఉద్యోగాలుంటాయో కనుక్కుని చెప్పమన్నారు. నేను కనుక్కోలేదు. వారం తిరక్కుండా కౌన్సెలింగ్‌కి వెళ్ళాం.

పోయిన సెమిస్టర్ సెలవుల్లో యూజీన్ విగ్నర్ గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. అచ్చం ఇదే ప్రశ్నని నూరేళ్ళకి పైగా కిందట బుడాపెస్ట్‌లో ఇంకో నాన్న ఇంకో కొడుకుని అడిగాడు. ఆ కొడుకు నాకన్నా ధైర్యస్తుడు, లెక్క చెప్పాడు. హంగరీ మొత్తం మీద ఫిజిక్స్ వాళ్ళకి నాలుగు ఉద్యోగాలున్నాయన్నాడు. నిజానికి మూడేనట, ఇంకొకటి తనే కలిపాడు. ఆ నాలుగింట్లో ఒకటి నీకొస్తుందా అని తండ్రి అడిగాడు. కొడుకు కెమికల్ ఇంజనీరింగ్‌లో చేరాడు.

ఆ తర్వాత ఆయనకి నోబెల్ వచ్చింది కాబట్టి ఈ కథ అందరూ నవ్వుతూ చెప్పుకుంటారు. నాకు మాత్రం అంత నవ్వు రాలేదు. అందుకే మొదటి నుంచి చెప్తాను.

విగ్నర్ పుట్టింది 1902 నవంబర్ 17న. ఇంట్లో పిలిచే హంగరీ పేరు యెనో. తండ్రి ఒక టానరీలో, అంటే పచ్చి తోళ్ళని శుద్ధిచేసే ఫ్యాక్టరీలో, మేనేజరు. పదకొండో ఏట డాక్టర్లు కుర్రాడికి క్షయ అన్నారు. ఆస్ట్రియా కొండల్లో శానిటోరియంలో ఆరు వారాలు ఉంచారు. తీరా చూస్తే అసలు క్షయే లేదు. ఆ ఆరు వారాలూ పడక కుర్చీలో కదలకుండా ఉండాలి కాబట్టి బుర్రలోనే లెక్కలు వేసుకునేవాడు. ఒక త్రిభుజానికి మూడు లంబాల పొడవులు మాత్రమే ఇస్తే ఆ త్రిభుజాన్ని గీయడమెలా అన్నది వాటిలో ఒకటి. సరదాకి ప్రయత్నించి చూడండి. నాకు ఒక మధ్యాహ్నం పట్టింది, అది కూడా పెన్నూ పేపరూ పెట్టుకుని.

చదివింది బుడాపెస్ట్‌లో లూథరన్ హైస్కూల్లో. అక్కడ లాస్లో రాట్స్ అనే లెక్కల మాస్టారు ఉండేవారు. పిల్లల్లో ఆసక్తి కనిపిస్తే చాలు, తన దగ్గరున్న పుస్తకాలు ఒక్కొక్కటిగా ఇచ్చి చదివించేవారు. అదే స్కూల్లో ఒక ఏడాది జూనియర్ పేరు జాన్ వాన్ న్యూమన్. సీఎస్‌ఈ వాళ్ళకి పరిచయం అక్కర్లేదు, సిలబస్‌లో ఆయన ఆర్కిటెక్చర్ బొమ్మ వేయని బ్యాచ్ లేదు. స్కూల్లో పక్క క్లాసులో వాన్ న్యూమన్ ఉన్నప్పుడు లెక్కల్లో నేనే ఫస్ట్ అనే భ్రమ ఎవరికీ మిగలదు. విగ్నర్ జీవితాంతం మాట నెమ్మది, మనిషి అతి వినయం. దానికి స్వభావం ఒక కారణమైతే ఈ స్నేహం ఇంకో కారణమని నా అనుమానం.

1921లో బెర్లిన్ వెళ్ళి అక్కడి టెక్నికల్ యూనివర్సిటీలో కెమికల్ ఇంజనీరింగ్ చదివారు. పగలు ల్యాబులు, రసాయనాలు. వారానికోసారి మాత్రం ఫిజిక్స్ సభలకి వెళ్ళి వెనక కూర్చునేవారు. ముందు వరుసలో ఐన్‌స్టీన్, ప్లాంక్, ఫాన్ లావే, నెర్న్‌స్ట్. మనం గెస్ట్ లెక్చర్‌కి అటెండెన్స్ కోసం వెళ్తాం, ఈయన అటెండెన్స్ లేని చోటికి వెళ్ళేవారు. మైకేల్ పొలాన్యి దగ్గర 1925లో డాక్టరేట్ పూర్తయింది. అణువులు ఎలా కూడతాయి, ఎలా విడిపోతాయి అన్నది థీసిస్ విషయం.

డాక్టరేట్ చేతిలో పెట్టుకుని ఇంటికొచ్చి, ముందే అనుకున్న ప్రకారం తండ్రి పనిచేసే టానరీలో చేరారు.

ఈ ఏడాది గురించి పుస్తకాలు ఒకటి రెండు వాక్యాలతో దాటేస్తాయి. నేను మాత్రం ఇక్కడే ఎక్కువసేపు ఉండిపోయాను. క్వాంటం మెకానిక్స్ పుట్టిన సంవత్సరం అది. హైజెన్‌బర్గ్, బోర్న్, యోర్డాన్ గాటింగెన్‌లో మాట్రిక్స్‌లతో కొత్త ఫిజిక్స్ రాస్తున్నారు. అదే సమయంలో ఇక్కడ ఒక ఇరవై మూడేళ్ళ ఇంజనీరు సున్నం తొట్ల మధ్య, పచ్చి తోళ్ళ వాసన మధ్య ఉద్యోగం చేస్తున్నాడు. కానీ జర్మన్ ఫిజిక్స్ పత్రికకి చందా కట్టి తెప్పించుకునేవారు. మాట్రిక్స్ మెకానిక్స్ గురించి ఆయన తెలుసుకున్నది ఆ టానరీలో ఉంటూనే, ఆ పత్రికలోనే. హాస్టల్లో ఫోన్‌లో అన్ని పేపర్లూ ఫ్రీగా దొరికే నేను ఎన్ని చదివానో లెక్క వేసుకుంటే ఇబ్బందిగా ఉంది, వదిలేద్దాం.

1926లో పొలాన్యి సిఫార్సుతో బెర్లిన్ నుంచి పిలుపు వచ్చింది. స్ఫటికాల మీద పనిచేసే వైసెన్‌బర్గ్‌కి అసిస్టెంట్ కావాలి. స్ఫటికంలో అణువులు ఎందుకు ఫలానా చోట్లలోనే కుదురుకుంటాయి అన్నది ఆయన ఇచ్చిన ప్రశ్న. అది సిమెట్రీ ప్రశ్న. దాన్ని పట్టుకుని విగ్నర్ గ్రూప్ థియరీలోకి వెళ్ళారు. చిక్కుపడ్డ చోట వాన్ న్యూమన్‌ని అడిగితే ఫలానా పాత పేపర్లు చూడమని దారి చూపించాడు. ఆ తర్వాత గాటింగెన్‌లో హిల్బర్ట్‌కి అసిస్టెంట్‌గా వెళ్ళారు కానీ హిల్బర్ట్ అప్పటికే బాగా జబ్బుపడ్డారు, ఇద్దరూ కలిసి పనిచేసిందేమీ లేదు. ఖాళీ దొరికింది, సొంత పని సాగింది. 1931లో గ్రూప్ థియరీ మీద పుస్తకం వచ్చింది. అప్పటి ఫిజిక్స్ వాళ్ళలో చాలామందికి ఆ గణితం నచ్చలేదు, దాన్ని ఒక అంటురోగం లెక్కన విసుక్కున్నారు. పదేళ్ళలో అదే భాష అయింది.

ఈ మధ్యలో, 1929లో, స్కూలు స్నేహితులిద్దరూ కలిసి ఒక చిన్న పేపర్ రాశారు. తర్వాత కథకి అది కావాలి, గుర్తుపెట్టుకోండి. విషయం ఏమిటంటే క్వాంటం వ్యవస్థలో రెండు శక్తి స్థాయిలు ఒకదాన్నొకటి తాకడం ఎంత కష్టం అని. మనం మ్యాథ్స్-1లో చేసిన రెండు బై రెండు సిమెట్రిక్ మాట్రిక్స్ తీసుకుందాం. వికర్ణం మీద ఏ, బీ ఉన్నాయి, పక్కన రెండు చోట్లా సీ ఉంది. రెండు ఐగెన్ విలువల మధ్య దూరం ఎంతంటే, ఏ మైనస్ బీ స్క్వేర్, ప్లస్ నాలుగు సీ స్క్వేర్, దానికి వర్గమూలం. ఈ దూరం సున్నా కావాలంటే ఏ, బీ సమానం అయితే చాలదు, సీ కూడా అదే సమయంలో సున్నా కావాలి. రెండూ కాకతాళీయంగా కుదరడం అరుదు. అందుకే ఐగెన్ విలువలు ఒకదానికొకటి దగ్గరకొచ్చి తప్పుకుపోతాయి, బస్సులో తెలియని ఇద్దరు మూడు సీట్ల వరుసలో కూర్చున్నట్టు.

1930లో ప్రిన్స్‌టన్ ఇద్దరినీ పిలిచింది. జీతం యూరప్‌లో వచ్చేదానికి ఏడు రెట్లు. వాన్ న్యూమన్ అక్కడ వెంటనే కుదురుకున్నాడు. విగ్నర్‌ని 1936లో కొనసాగించలేదు. విస్కాన్సిన్ వెళ్ళారు. ఆ ఏడాదే గ్రెగరీ బ్రైట్‌తో కలిసి, న్యూట్రాన్ ఒక కేంద్రకంలో చిక్కుకోవడానికి ఏయే శక్తుల దగ్గర ఎంత అవకాశం ఉంటుందో చెప్పే సూత్రం తయారుచేశారు. విస్కాన్సిన్‌లో అమీలియా ఫ్రాంక్ అనే ఫిజిక్స్ విద్యార్థిని పరిచయమైంది. 1936 డిసెంబర్‌లో పెళ్ళి, 1937 ఆగస్టులో ఆమె క్యాన్సర్‌తో పోయింది. ఎనిమిది నెలలు. తర్వాతి ఏడాది ప్రిన్స్‌టన్ మళ్ళీ పిలిస్తే ఆ ఊరు వదిలి వెళ్ళిపోయారు. అదే 1937లో చెల్లెలు మార్గిట్‌ని పాల్ డిరాక్ పెళ్ళి చేసుకున్నాడు. ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే డిరాక్ ఆమెని నా భార్య అనకుండా విగ్నర్ చెల్లెలు అని చెప్పేవాడట.

యుద్ధం భాగం మీకు సినిమాల వల్ల కొంత తెలుసు. 1939 జులైలో విగ్నర్ కారు నడుపుతుంటే సిలార్డ్ పక్కన కూర్చుని లాంగ్ ఐలండ్‌లో ఐన్‌స్టీన్ ఇల్లు వెతికారు. దారి దొరక్క తిరిగి తిరిగి చివరికి ఒక చిన్న పిల్లాణ్ణి అడిగితే చూపించాడు. అణుబాంబు హెచ్చరికతో రూజ్‌వెల్ట్‌కి వెళ్ళిన ఉత్తరం అక్కడ మొదలైంది. 1942 డిసెంబర్ 2న షికాగోలో ఫెర్మి బృందం తొలి రియాక్టర్ నడిపినప్పుడు విగ్నర్ దాచి తెచ్చిన కియాంటి వైన్ సీసా బయటికి తీశారు. పేపర్ కప్పుల్లో తలా కొంచెం తాగారు.

మన బ్రాంచ్ వాళ్ళకి అసలు ముఖ్యమైన సంగతి హాన్‌ఫర్డ్. ప్లుటోనియం తయారుచేసే పెద్ద రియాక్టర్‌ని చల్లబరచడానికి మొదట హీలియం వాయువు అనుకున్నారు. విగ్నర్ బృందం నీళ్ళు చాలన్నది. గ్రాఫైట్ దిమ్మెలో వరసగా ట్యూబులు, వాటిలో యురేనియం కడ్డీలు, చుట్టూ పారే నదినీళ్ళు. హీట్ ట్రాన్స్‌ఫర్, కరోజన్, ప్రెషర్ డ్రాప్ అన్నీ కూర్చుని లెక్కలు కట్టారు. తండ్రి చదివించిన చదువు ఇక్కడ పనికొచ్చింది. నిర్మాణంతో పాటు వివరమైన డిజైన్ కూడా డ్యూపాంట్ కంపెనీకి అప్పగించినందుకు ఆయన చాలా బాధపడ్డారు, 1943 ఫిబ్రవరిలో రాజీనామా వరకూ వెళ్ళారు. జర్మన్లు ముందే బాంబు చేసేస్తారన్న భయం ఆయనకి ఒక్క రోజు కూడా తగ్గలేదు. కంపెనీ ఇంజనీర్ల జాగ్రత్త అంతా ఆలస్యంగానే కనిపించింది.

ఆ జాగ్రత్తలో ఒకటి చూడండి. విగ్నర్ డిజైన్‌లో 1500 ట్యూబులు. కంపెనీవాళ్ళు మూలల్లో ఖాళీ ఉంది కదా అని మరో 504 పెట్టి 2004 చేశారు. 1944 సెప్టెంబర్ చివర్లో రియాక్టర్ మొదలుపెడితే కొన్ని గంటల్లో శక్తి దానంతటదే పడిపోయి ఆగిపోయింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. విచ్ఛిత్తిలో పుట్టే జినాన్-135 న్యూట్రాన్లని విపరీతంగా మింగేస్తోందని తేలింది. ఆ నష్టాన్ని పూడ్చడానికి ఎక్కువ యురేనియం కావాలి. మూలల్లోని ఆ 504 ట్యూబులు లేకపోతే ఏం చేసేవారో! ప్రపంచంలోనే అంత బాగా న్యూక్లియర్ ఫిజిక్స్ తెలిసినవాళ్ళ లెక్కలో లేని జినాన్‌ని, ఫిజిక్స్ అంతగా తెలియని ఇంజనీర్ల ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ కాపాడింది. ఈ సంఘటన విగ్నర్ మీద ఎంత ప్రభావం చూపిందో నేను చెప్పలేను. కానీ తర్వాత ఆయన చేసిన గొప్ప పనంతా, మనకి వివరాలు తెలియనప్పుడు ఏం చెయ్యగలం అన్న ప్రశ్న మీదే.

ఇంకో మాట కూడా చెప్పి ముందుకెళ్తాను. 1945 జులైలో జపాన్ మీద బాంబు వాడే ముందు ఆలోచించమని సిలార్డ్ రాసిన వినతిపత్రం మీద ఆయన సంతకం ఉంది. అదే మనిషి తర్వాత వియత్నాం యుద్ధాన్ని సమర్థించారు, అణుయుద్ధం వస్తే ప్రజలు దాక్కోవడానికి షెల్టర్లు కట్టాలని ఏళ్ళ తరబడి వాదించారు. ఈ రెండోది నాకు సగం అర్థమవుతుంది, మొదటిది అస్సలు మింగుడుపడదు. హీరోలని మొత్తంగా కొనుక్కోనక్కర్లేదని మాత్రం అనుకున్నాను.

యుద్ధం తర్వాత ఓక్ రిడ్జ్ ల్యాబ్‌లో డైరెక్టర్‌గా కొన్నాళ్ళు చేశారు. ఫైళ్ళు, మీటింగులు సరిపడక 1947లో ప్రిన్స్‌టన్ వచ్చేశారు. రియాక్టర్ల పుణ్యమా అని అప్పటికి నెమ్మది న్యూట్రాన్లతో ప్రయోగాలు పెరిగాయి. యురేనియం-238 లాంటి బరువైన కేంద్రకం మీదికి న్యూట్రాన్లు పంపి శక్తిని కొద్దికొద్దిగా మారుస్తూ పోతే గ్రాఫ్‌లో సన్నటి శిఖరాలు, ఒకదాని పక్కన ఒకటి, సగటున 20 ఎలక్ట్రాన్ వోల్టుల ఎడంతో వస్తూనే ఉంటాయి. ఒక్కో శిఖరం ఒక్కో శక్తి స్థాయి. లోపల 239 కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఏ స్థాయి ఎక్కడ ఉంటుందో లెక్కకట్టడం అప్పుడే కాదు, ఇప్పుడు కూడా జరిగే పని కాదు.

1950లలో విగ్నర్ వేసిన అడుగు ఇది. ఈ కేంద్రకపు హామిల్టోనియన్ మాట్రిక్స్ మనకి తెలియదు. అయితే పాచికలు వేసి వచ్చిన అంకెలతో ఒక పెద్ద మాట్రిక్స్ నింపేద్దాం. ఒక్క షరతు, సిమెట్రీ మాత్రం తప్పకూడదు. దాని ఐగెన్ విలువల మధ్య ఎడాలు ఎలా పంచుకుని ఉంటాయో చూద్దాం. అసలు కేంద్రకం ఎడాలూ అలాగే ఉంటాయి!

మొదటిసారి చదివినప్పుడు ఇది మోసంలా అనిపించింది. పరీక్షలో జవాబు తెలియక ఇష్టమొచ్చినట్టు నింపి వచ్చినట్టు. కానీ 1929 పేపర్ గుర్తుంది కదా. ఎడం సున్నా కావడం అరుదు అన్నది అంకెలు ఏవైనా మారదు. 1956లో ఓక్ రిడ్జ్ వాళ్ళు పెట్టిన ఒక సదస్సులో విగ్నర్ ఆ రెండు బై రెండు మాట్రిక్స్ ఆధారంగానే ఎడాల పంపిణీకి ఒక సూత్రం ఊహించి చెప్పారు. ఎడం సున్నా దగ్గర అవకాశం సున్నా, అక్కడి నుంచి సరళరేఖలా పెరిగి, సగటుకి కొంచెం ముందు శిఖరం తాకి, తర్వాత వేగంగా పడిపోతుంది. కొన్నేళ్ళకి గోడాన్, మన రాజస్థాన్ నుంచి ఫ్రాన్స్ వెళ్ళిన మదన్‌లాల్ మెహతా, పెద్ద మాట్రిక్స్‌లకి కచ్చితమైన జవాబు సాధిస్తే, ఊహకీ దానికీ తేడా గీత మందమంత. ఈ విషయం మీద ప్రపంచమంతా చదివే మొదటి పుస్తకం కూడా మెహతాదే, 1967లో వచ్చింది.

ఇదంతా కరెంటుకి ఎలా వచ్చిందో చెప్తేనే ఈసీఈ, ఈఈఈ వాళ్ళు ఈ పేజీ చివరిదాకా చదువుతారు. మామూలు తీగలో మలినాలు ఎన్ని ఉన్నా ఓమ్ నియమం పనిచేస్తుంది, ఎందుకంటే అన్నీ సగటులో కలిసిపోతాయి. అదే మైక్రాన్ సైజు సన్నటి లోహపు తీగని ఒక కెల్విన్ కన్నా తక్కువకి చల్లబరిస్తే ఎలక్ట్రాన్ ఈ చివర నుంచి ఆ చివర దాకా తరంగంలాగే వెళ్తుంది. ప్రతి మలినం దగ్గర చెదిరిన తరంగాలన్నీ ఒకదానితో ఒకటి కలబడతాయి. అప్పుడు అయస్కాంత క్షేత్రాన్ని మెల్లగా మారుస్తూ కండక్టెన్స్ కొలిస్తే గ్రాఫ్ పిచ్చిగా ఎగుడుదిగుడుగా వస్తుంది. నాయిస్ అనుకుని మళ్ళీ కొలిస్తే మళ్ళీ అదే గ్రాఫ్, గీత గీతకీ అదే. ఇంకో తీగ తీసుకుంటే ఇంకో గ్రాఫ్. ఒక్కో తీగకి ఒక్కో వేలిముద్ర అన్నమాట.

ఆశ్చర్యం ఎక్కడంటే, 1985లో ఆల్ట్‌షులర్, లీ, స్టోన్ లెక్కల్లోనూ, ఐబీఎం ల్యాబ్‌లో వెబ్ బృందం కొలతల్లోనూ ఆ ఎగుడుదిగుళ్ళ పరిమాణం మాత్రం ఎప్పుడూ ఒకటే. ఎలక్ట్రాన్ ఆవేశం స్క్వేర్‌ని ప్లాంక్ స్థిరాంకంతో భాగిస్తే వచ్చేంత, అంటే దాదాపు 25,813 ఓమ్‌ల నిరోధానికి విలోమం. బంగారమా ఇంకో లోహమా, మలినాలు ఎన్ని, పొడవెంత, దేనితోనూ పెద్దగా పనిలేదు.

మరుసటి ఏడాది ఇమ్రీ దీన్ని విగ్నర్ దారిలో వివరించాడు. లాండౌర్ 1957 నుంచే చెప్తున్నదాని ప్రకారం కండక్టెన్స్ అంటే తీగలో ఎన్ని దారులు తెరిచి ఉన్నాయో లెక్కపెట్టడమే. దారులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, వందలో తెరిచినవి అటూ ఇటూగా పది మారొచ్చు, నాణేలు ఎగరేసినట్టు. కానీ ఆ దారుల విలువలు కూడా ఒక రాండమ్ మాట్రిక్స్ ఐగెన్ విలువలే. అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ దాదాపు సమాన ఎడాల్లో సర్దుకుంటాయి కాబట్టి లెక్క ఒకటి అటూ ఇటూ తప్ప కదలదు. ఒక్కో దారి విలువ ఆ స్థిరాంకమంతే. అందుకే ఎగుడుదిగుడు అంతే. ఇక క్షేత్రం పెట్టడంతో కాలాన్ని వెనక్కి తిప్పితే అదే దారి అనే సిమెట్రీ పోతుంది, ఆ మార్పుల వేరియన్స్ సగానికి పడిపోతుంది. కాలం వెనక్కి తిప్పడం అనే ఆ సిమెట్రీని క్వాంటం మెకానిక్స్‌లో 1932లోనే పెట్టింది కూడా విగ్నరే. తీగకి తన మలినాల జాబితా అంతా మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంటుంది.

మలినాలే అక్కర్లేదు కూడా. 1984లో బొహిగాస్, జియాన్నోని, ష్మిట్ ముగ్గురూ మధ్యలో గుండ్రటి స్తంభం ఉన్న బిలియర్డ్స్ బల్ల లాంటి ఖాళీ పెట్టెలో ఒకే ఒక్క కణాన్ని పెట్టినా, దాని స్థాయిలు విగ్నర్ గీత మీదే పడతాయని చూపించారు. బంతి దారి కేయాస్ అయితే చాలు. ఇంకా నమ్మకం కలక్కపోతే బస్సులు చూడండి. మెక్సికోలో కుయెర్నవాకా అనే ఊళ్ళో డ్రైవర్లు ఎవరి బస్సుకి వాళ్ళే యజమానులుగా ఉండేవారు, ముందు బస్సు ఎంతసేపటి క్రితం వెళ్ళిందో కనుక్కుని ఎడం పాటించేవారు. 2000లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ బస్సుల మధ్య సమయాలు కొలిస్తే రాండమ్ మాట్రిక్స్ పంపిణీయే వచ్చింది. మన కాలేజీ గేటు దగ్గర బస్సులు మూడు ఒకేసారి వస్తాయి కాబట్టి అక్కడ కొలవడం దండగ.

1963లో విగ్నర్‌కి నోబెల్‌లో సగభాగం వచ్చింది, సిమెట్రీ సూత్రాల మీద పనికి. రాండమ్ మాట్రిక్స్‌లు అప్పటికి కేంద్రకాల వాళ్ళ సొంత వ్యవహారంగానే ఉన్నాయి. ప్రిన్స్‌టన్‌లో తలుపు దగ్గర ఎవరినీ తన వెనక రానిచ్చేవారు కాదు, ముందు మీరు అంటూ నిలబడిపోయేవారు. ఒకసారి కారు మెకానిక్ మోసం చేస్తే ఆయన కూడా కోపం పట్టలేక నరకానికి పొమ్మని, చివర్లో దయచేసి అని కలిపారట. పెద్దతనంలో వేదాంతం మీద ఆసక్తి కలిగింది. ఈ ఒక్క వాక్యం కత్తిరించి ఫ్యామిలీ గ్రూపుల్లో పంపకండి ప్లీజ్.

1994లో ఇద్దరు ముగ్గురు వేర్వేరు బృందాల వాళ్ళు కేయాటిక్ ఆకారంలో చేసిన చిన్న క్వాంటం డాట్‌లకి కండక్టెన్స్ మొత్తాన్ని రాండమ్ మాట్రిక్స్‌ల నుంచే లెక్కగట్టి పేపర్లు ప్రచురించారు. 1995 జనవరి 1న ప్రిన్స్‌టన్‌లో న్యుమోనియాతో విగ్నర్ పోయారు. 92 ఏళ్ళు.

మొన్న కంప్యూటర్ ల్యాబ్‌లో వెయ్యి బై వెయ్యి సిమెట్రిక్ మాట్రిక్స్‌ని రాండమ్ అంకెలతో నింపి ఐగెన్ విలువలు తీశాను. పైథాన్‌లో ఆరు లైన్లు. ఎడాల హిస్టోగ్రామ్ మీద విగ్నర్ గీత గీస్తే కూర్చుంది. రాత్రి వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, ఎడమవైపు సున్నా దగ్గర ఖాళీ ఎందుకుందని అడిగారు. రెండు బై రెండు మాట్రిక్స్ నుంచి మొదలుపెట్టాను. పది నిమిషాలు విన్నారు. తర్వాత ఇది కెమికల్ సిలబస్‌లో ఉందా అని అడిగారు. లేదన్నాను. సరే, మిగతాది ఆదివారం చెప్పమన్నారు.